గ్రీకు వైన్ రుచి చూద్దాం – 3: నీరూరించే పులుపు, నోరెండించే వగరు

మొదటి రెండు పాఠాల్లో కంటి పని, ముక్కు పని అయ్యాయి. గ్లాసులో మూడో వంతే పోయడం, తెల్ల కాగితం మీద వంచి రంగు చూడటం, గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడటం ఈపాటికి అలవాటై ఉండాలి. అవ్వకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి, తొందరేం లేదు. ఈసారి నోటి పని, దాంతోపాటే పళ్ళెం పని. ఈ రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. గ్రీసులోనూ ఎవరూ విడదీయరు. అక్కడ తవెర్నాలో, అంటే చిన్న భోజనశాలలో, కూర్చుంటే బల్ల మీదికి చిన్న చిన్న పళ్ళేలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. ఇంటి వైన్‌ని లీటర్లలో కాక కిలోల్లో అడుగుతారు. "మీసో కిలో" అంటే అర కిలో, ఓ చిన్న కూజాలో తెచ్చి పెడతారు. తినకుండా ఉత్తగా తాగేవాళ్ళు తక్కువ.

ఎండలు కాసే దేశం కాబట్టి వైన్ బరువుగా, తియ్యతియ్యగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గ్రీసులో పేరున్న ద్రాక్షల్లో చాలావాటి ప్రాణం పులుపులోనే ఉంది. వాళ్ళ వంట కూడా అలాంటిదే: ఏది వడ్డించినా పక్కన నిమ్మకాయ బద్ద, టమాటా, చిక్కటి పుల్లపెరుగు, ఉప్పునీళ్ళలో ఊరిన ఫెటా చీజ్. పళ్ళెంలో పులుపుకి గ్లాసులో పులుపు తక్కువైతే వైన్ నీళ్ళలా తేలిపోతుంది. సరిపోతే రెండూ బాగుంటాయి. ఈ ఒక్కటీ నోటికి పట్టిందంటే జత కుదర్చడంలో ముప్పాతిక పని అయిపోయినట్టే. ఏ కూరకి ఏ సీసా అని పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు.

సీసా తెరవకముందు

వంటింట్లో నిమ్మకాయ, పంచదార, టీపొడి ఉంటే చాలు. నాలుగు గ్లాసుల్లో తలా వంద మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. మొదటిది ఉత్త నీళ్ళు. రెండోదాంట్లో అర టీస్పూను నిమ్మరసం కలపండి. మూడోదాంట్లో ఒకటిన్నర టీస్పూన్లు. నాలుగోదాంట్లోనూ ఒకటిన్నర టీస్పూన్లే, కానీ పైన రెండు టీస్పూన్ల పంచదార వేసి కరిగేదాకా తిప్పండి.

వరసగా ఒక్కో గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, ఉమ్మేయండి. వెంటనే తల కాస్త ముందుకు వంచి, పెదవులు కొంచెం తెరిచి ఉంచి, దవడల పక్కన నీరు ఎంత ఊరుతోందో, ఎంతసేపు ఊరుతోందో గమనించండి. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటే ఇంకా మంచిది. మూడో గ్లాసుకీ నాలుగో గ్లాసుకీ నాలుక మీద బోలెడు తేడా తెలుస్తుంది. నాలుగోదాంట్లో పులుపు బాగా తగ్గిపోయినట్టే ఉంటుంది. కానీ ఊరే నీరు చూస్తే ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. తీపి పులుపుని నాలుక దగ్గర దాచగలదు, దవడల దగ్గర అంతగా దాచలేదు. వైన్ పులుపు కొలవాలంటే దవడల మాట వినండి.

ఇప్పుడు టీ. పాలు, పంచదార లేకుండా రెండు కప్పులు పెట్టండి. ఒకదాంట్లో పొడి రెండు నిమిషాలే నాననివ్వండి, రెండోదాంట్లో పది నిమిషాలు. వడగట్టి చల్లార్చండి. పది నిమిషాల టీ ఒక గుక్క తీసుకున్నాక పై పెదవి లోపలి వైపు, చిగుళ్ళ మీద నాలుకతో తడిమి చూడండి. జారుడు పోయి, గరుకుగా, ఎండిపోయినట్టు తగులుతుంది. అదే వగరు. టీలోనూ ఎర్ర వైన్‌లోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకి అతుక్కుని దాని జారుడుని తీసేయడం వల్ల అలా అవుతుంది. చేదుతో దీన్ని కలిపేయకండి. చేదు రుచి, వగరు స్పర్శ. చేదు ఎక్కువగా నాలుకకి తెలుస్తుంది, వగరు బుగ్గలకీ చిగుళ్ళకీ కూడా తెలుస్తుంది.

అదే కప్పులో రెండు చెంచాల పాలు కలిపి మళ్ళీ చూడండి. గరుకు చాలావరకు పోతుంది. టానిన్లకి పాలలోని ప్రొటీన్ దొరికింది కాబట్టి మీ లాలాజలం జోలికి రావడం తగ్గింది. ఎర్ర వైన్ పక్కన మాంసం, చీజ్ ఎందుకు పెడతారని ఎవరైనా అడిగితే ఈ కప్పు చూపించండి.

ఈ పాఠానికి కావలసిన సీసాలు రెండు. ఒకటి శాంటోరిని అసీర్తికో, తెల్లది; రెండోది నౌసా క్సినోమవ్రో, ఎర్రది. ముందున్నది ఊరి పేరు, వెనకున్నది ద్రాక్ష పేరు. రెండూ చవకైనవి కావు, నలుగురు కలిసి కొనుక్కుంటే నయం. రుచి చూడటానికి మనిషికి యాభై మిల్లీలీటర్లు చాలు, ఆ లెక్కన ఒక సీసా చాలామందికి వస్తుంది. మెల్‌బోర్న్, న్యూజెర్సీ, లండన్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి గ్రీకు కొట్లు అందుబాటులో ఉంటాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి వెతుకులాట తప్పదు, ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీ మీదో, వచ్చే చుట్టాల మీదో ఆధారపడాల్సిందే. శాంటోరిని దొరక్కపోతే గ్రీసు ప్రధాన భూభాగంలో పండిన అసీర్తికో తీసుకోండి, ఇంకాస్త మెత్తగా ఉంటుంది గానీ పాఠానికి పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీలో జిమ్ బ్యారీ వాళ్ళు కూడా ఈ ద్రాక్ష పండిస్తున్నారు.

శాంటోరిని అసీర్తికో

శాంటోరిని ఒక అగ్నిపర్వతం అంచు. సుమారు మూడువేల ఆరువందల ఏళ్ళ కిందట అది పేలి, మధ్యభాగం సముద్రంలోకి కుంగిపోయింది. నెలవంకలా మిగిలిందే ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగే దీవి. నేలంతా బూడిద, తేలికైన ప్యూమిస్ రాయి, లావా. బంకమట్టి దాదాపు లేదు. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టేసిన ఫిలోక్సెరా పురుగు ఇలాంటి నేలలో బతకలేదు. యూరప్‌లో మిగతాచోట్ల చాలావరకు అమెరికన్ వేరుకి అంటుకట్టి పెంచాల్సి వస్తే, ఇక్కడి తీగలు ఇప్పటికీ సొంత వేళ్ళ మీదే నిలబడ్డాయి.

నిలబడ్డాయి అన్నాను గానీ నిజానికి అవి నేల మీద కూర్చుని ఉంటాయి. పందిరి ఉండదు. ఏటేటా కొమ్మల్ని గుండ్రంగా చుట్టి, నేలకి ఆనేలా బుట్టలా అల్లుతారు. కూలూరా అంటారు దాన్ని. గెలలు బుట్ట లోపల పెరుగుతాయి. వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి ఇసుకని కూడా మోసుకొచ్చి కొడుతుంది, బుట్ట లేకపోతే కాయ నిలవదు. వాన చాలా తక్కువ. రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమని ప్యూమిస్ పీల్చుకుని పగలు తీగకి అందిస్తుంది. తీగ ముసలిదై కాపు తగ్గితే బుట్టని మొదలంటా కోసేస్తారు, పాత వేరే మళ్ళీ చిగురు వేస్తుంది. అందుకే ఇక్కడ పైన చిన్న బుట్ట, కింద వందేళ్ళు దాటిన వేరు ఉండటం వింతేమీ కాదు. ఇంత చాకిరీకి వచ్చే దిగుబడి మాత్రం పిసరంత. సీసా ధర చూసి గొణుక్కునేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

మరి అంత ఎండలో పులుపు ఎలా మిగిలింది? మామూలుగా ఎండకి పండేకొద్దీ ద్రాక్షలో తీపి పెరిగి పులుపు పడిపోతుంది. అసీర్తికో స్వభావం వేరు, బాగా పండాక కూడా పులుపుని వదలదు. నేల కూడా దానికి తోడైంది. పొటాషియం ఎక్కువున్న నేలల్లో ఆ పొటాషియం ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లంతో కలిసి పులుపుని తగ్గిస్తుంది. శాంటోరిని బూడిదలో పొటాషియం బాగా తక్కువ. కాబట్టి పులుపుకీ ఆల్కహాల్‌కీ రెండిటికీ లోటుండదు, 13.5 నుంచి 14 శాతం మామూలే.

ఇక రుచి చూద్దాం. సీసాని ఫ్రిజ్ లోంచి తీసి పదిహేను, ఇరవై నిమిషాలు బయట ఉంచండి. మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఏమీ తెలీదు, పది, పన్నెండు డిగ్రీలు సరిగ్గా ఉంటుంది. వాసన చూసి నిరుత్సాహపడకండి. పూలు, పళ్ళు అంటూ ఎదురొచ్చే వైన్ కాదిది. నిమ్మతొక్క, తడిసిన రాయి, కొన్నిట్లో లేత పొగ వాసన. ఒక టేబుల్‌స్పూను పాటి గుక్క తీసుకుని, పెదవుల సందులోంచి కొంచెం గాలి లోపలికి లాగి, పది లెక్కపెట్టేంతసేపు నోట్లో తిప్పండి. తర్వాత ఉమ్మేయండి.

మొదట దవడల దగ్గర నీరు. ఆ వెంటనే ఇంకోటి గమనించాలి. ఇంత పుల్లటి తెల్ల వైన్లు చాలావరకు పలచగా ఉంటాయి, ఇది పలచగా లేదు. నాలుక మీద బరువుంది, చిక్కదనం ఉంది. మూడోది, ఉమ్మేశాక చివర్న వచ్చే ఉప్పదనం. సముద్రపు ఉప్పు ద్రాక్షలోకి దిగిందని గైడ్లు చెప్పే కథ నేను పట్టించుకోను. ఉప్పగా అనిపిస్తోందా లేదా అన్నదే మన నోటికి కావాలి. నోట్‌బుక్‌లో రాసేటప్పుడు కవిత్వం వద్దు. "పులుపు: చాలా ఎక్కువ, ఇరవై లెక్కపెట్టినా నీరూరుతోంది. చిక్కదనం: మధ్యస్థం కంటే ఎక్కువ. గొంతులో వేడి: కొంచెం. చివర: నిమ్మతొక్క, ఉప్పు" అని రాస్తే చాలు. ఆర్నెల్ల తర్వాత చదివినా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రయోగం. ఒక పళ్ళెంలో నిమ్మకాయ బద్ద, ఫెటా ముక్క, ఒక ఖర్జూరం పెట్టుకోండి. వైన్ ఒక గుక్క తాగి పులుపు గుర్తుపెట్టుకోండి. నిమ్మకాయ బద్దని చప్పరించి వెంటనే మళ్ళీ వైన్ తాగండి. వైన్‌లో పులుపు సగానికి పడిపోయినట్టుంటుంది, ఇందాక కనబడని పండు రుచి పైకి తేలుతుంది. ఫెటా తిని తాగండి. ఉప్పు కూడా అదే పని చేస్తుంది, పైగా చీజ్‌లోని కొవ్వుని పులుపు కడిగేస్తుంది, ఇంకో ముక్కకి చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఖర్జూరం తిని తాగండి. మొహం చిట్లిస్తారు. తీపి తిన్న నోటికి అదే వైన్ పుల్లగా, పలచగా, ముక్కిపోయినట్టు తగులుతుంది. సీసాలో ఏమీ మారలేదు, మారింది నోరు. జత కుదర్చడమంటే వైన్ తాగే ముందు నోరు ఏ స్థితిలో ఉంటుందో ఊహించడమే. పళ్ళెంలో పులుపు, ఉప్పు ఉంటే వైన్ మెత్తబడుతుంది. తీపి ఉంటే గట్టిపడుతుంది.

శాంటోరినిలో దీంతో ఏం తింటారో చూస్తే ఇదంతా కళ్ళెదుట కనబడుతుంది. మొదట వచ్చేది ఫావా. పేరు చూసి చిక్కుడు గింజలనుకోకండి, దీవిలో పండే ఒక చిన్న పప్పుని పసుప్పచ్చగా ఉడికించి మెదిపి, ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ, కేపర్లు వేసి, నిమ్మకాయ పిండుతారు. మన ముద్దపప్పుకి దగ్గరి చుట్టం. పప్పు కమ్మదనం నోటిని పూసేస్తుంది, అసీర్తికో వచ్చి శుభ్రం చేస్తుంది. తర్వాత నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్, నిమ్మరసంతో. తర్వాత దీవిలోని చిన్న టమాటాలతో వేసే బజ్జీలు, తొమాతోకెఫ్తేదెస్. కాల్చిన చేప ఏదైనా సరే. చికెన్ సూప్‌ని గుడ్డు, నిమ్మరసంతో చిక్కబరిచే అవ్గొలేమోనో కూడా దీనికి బాగా కుదురుతుంది. మామూలు వైన్లు ఆ నిమ్మ ముందు నిలబడలేవు.

సీసా మీద "నిక్తేరి" అని ఉంటే అది ఇదే దీవిది, బాగా పండిన కాయతో చేసి కొంతకాలం పీపాలో ఉంచినది. దానికి చేప కంటే చికెన్, పంది మాంసం నయం.

మధ్యలో రెండు మాటలు: మొస్కోఫిలెరో, రెట్సీనా

దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ మధ్యలో మాంటినియా అనే పీఠభూమి ఉంది, సముద్రమట్టానికి ఆరువందల మీటర్లకి పైనే. అక్కడి చల్లదనానికి కాయ ఆలస్యంగా, ఒక్కోసారి అక్టోబర్ దాకా పండుతూ ఉంటుంది. అక్కడి ద్రాక్ష మొస్కోఫిలెరో తొక్క గులాబీ రంగుది, వైన్ తెల్లనిది, వాసన నేరుగా గులాబీ పూలది. ఆల్కహాల్ తక్కువ, పదకొండు, పన్నెండు శాతం చుట్టూ ఉంటుంది. "మన కూరలతో ఏది?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. మిరపకాయ మంట, ఆల్కహాల్ వేడి ఒకదాన్నొకటి ఎగదోస్తాయి, వగరు ఆ మంటకి ఇంకా పదును పెడుతుంది. అందుకే గుంటూరు కారం పడ్డ కూర పక్కన క్సినోమవ్రో పెట్టడం ఇద్దరికీ అన్యాయం. ఆల్కహాల్ తక్కువగా, వగరు లేకుండా, చల్లగా, పూల వాసనతో ఉన్న మొస్కోఫిలెరో ఫర్వాలేదనిపిస్తుంది. అంతకు మించి నేను మాట ఇవ్వను.

రెట్సీనా గురించి చాలామంది పెదవి విరుస్తారు. అలెప్పో పైన్ చెట్టు బంకని పులిసేటప్పుడు వైన్‌లో వేసి, తర్వాత తీసేస్తారు. ప్రాచీన కాలంలో మట్టి జాడీల మూతుల్ని ఈ బంకతో మూసేవారు, ఆ వాసనకి నోరు అలవాటు పడింది. ఏథెన్స్ చుట్టూ ఉన్న అత్తికాలో పండే సవాత్యానో ద్రాక్షతో ఎక్కువగా చేస్తారు. ఉత్తగా తాగితే టర్పెంటైన్ అనే మాట నిజమే అనిపించవచ్చు. వేయించిన చిన్న చేపలు, వెల్లుల్లి దట్టించిన స్కొర్దాల్యా, చేపగుడ్ల తరమోసలాతా బల్ల మీద ఉన్నప్పుడు బాగా చల్లబరిచి తాగి చూడండి. ఆ నూనెనీ, ఆ వెల్లుల్లినీ తట్టుకునే వైన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి. చవక కూడా. సోడా సీసా మూత లాంటిది బిగించిన అర లీటరు సీసాల్లో అమ్ముతారు.

నౌసా క్సినోమవ్రో

ఉత్తర గ్రీసులో, మాసిడోనియా ప్రాంతంలో, వెర్మియో కొండ తూర్పు వాలు మీద నౌసా ఉంది. 1971లో దీనికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. శాంటోరిని, మాంటినియా, నెమేయాలకి కూడా అదే ఏడాది వచ్చింది. నౌసా పేరు పెట్టుకోవాలంటే పూర్తిగా క్సినోమవ్రోతోనే చేయాలి, కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో ఉంచాలి.

గ్లాసులో పోయగానే మోసపోతాం. రంగు చూస్తే పలచటి ఎరుపు, అంచుల్లో ఇటుక రంగు. తేలికపాటి వైన్ కాబోలనుకుని గుక్క తీసుకుంటే వగరు వచ్చి చిగుళ్ళకి అతుక్కుంటుంది. వెనకే పులుపు. ఇందాకటి పది నిమిషాల టీ, మూడో గ్లాసు నిమ్మనీళ్ళు రెండూ ఒకేసారి నోట్లో ఉన్నట్టన్నమాట. నోరు ఒకపక్క ఎండుతూ ఒకపక్క ఊరుతుంటుంది, ఆ రెండిటినీ విడివిడిగా గుర్తుపట్టడమే ఈ గ్లాసులో మీ పని. వాసనలో ఎర్ర పళ్ళతో పాటు ఎండబెట్టిన టమాటా, నల్ల ఆలివ్ వస్తాయి. పాతబడ్డ సీసాల్లో తోలు, పుట్టగొడుగు కూడా. ఇటలీ ఎర్ర వైన్ బరోలోని తాగినవాళ్ళకి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

లేత క్సినోమవ్రోని గంటముందే జగ్గులోకి వంపేయండి, గాలి తగిలితే కాస్త మెత్తబడుతుంది. పదహారు నుంచి పద్దెనిమిది డిగ్రీల మధ్య ఉంటే మంచిది. "ఎర్ర వైన్ గది వేడిలో తాగాలి" అనే మాట చలిదేశాల గదుల గురించి చెప్పింది. మే నెల విజయవాడ గదికి అది వర్తించదు. ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి, మొహమాటపడకండి. వేడెక్కిన ఎర్ర వైన్‌లో ఆల్కహాల్ తప్ప ఇంకేమీ మిగలదు.

దీంతో వేటమాంసం ఎలాగూ బాగుంటుంది. కొవ్వుతో కాల్చిన గొర్రె పక్కటెముకలు, ప్రొటీన్ టానిన్‌ని పట్టేసుకుంటుంది, కొవ్వుని పులుపు కోస్తుంది. కానీ క్సినోమవ్రో గొప్పతనం టమాటా దగ్గర తెలుస్తుంది. టమాటా గుజ్జులో ఉడికిన మాంసం పక్కన చాలా ఎర్ర వైన్లు చప్పబడిపోతాయి, కూర పులుపు వాటికి ఎక్కువ. దీనికి ఎక్కువ కాదు. యూవెత్సి అని గ్రీకు ఇళ్ళలో ఆదివారాలు చేసే వంటకం ఒకటుంది. బియ్యపుగింజ ఆకారంలో ఉండే ఓర్జో పాస్తాని, మాంసాన్ని టమాటా రసంలో మట్టిపాత్రలో పెట్టి ఓవెన్‌లో ఉడికిస్తారు. చిన్న ఉల్లిపాయలు, దాల్చినచెక్క వేసి చేసే మాంసం కూర స్తిఫాదో ఇంకోటి. ఈ రెండిట్లో ఏది దొరికినా సీసా తెరవడానికి అదే మంచిరోజు. మాంసం తిననివాళ్ళు వంకాయ, టమాటా, ఆలివ్ నూనె బాగా పోసి ఓవెన్‌లో మగ్గబెట్టిన ఇమామ్ చేసుకుని, పక్కన కెఫలోగ్రవ్యేరా లాంటి గట్టి చీజ్ పెట్టుకోండి. వగరు పట్టుకోవడానికి ఏదో ఒక ప్రొటీన్ ఉండాలి కదా.

పక్కన పోల్చడానికి మూడో సీసా కొనగలిగితే నెమేయా అయోర్యీతికో కొనండి. హెరాక్లీస్ సింహాన్ని చంపిన చోటని పురాణం చెప్పే నెమేయా ఇదే. రంగు ముదురు, వగరు మెత్తన, చెర్రీ పళ్ళ రుచి. రంగు చిక్కదనానికీ వగరుకీ సంబంధం ఉండక్కర్లేదని ఈ రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే వెంటనే తెలిసిపోతుంది. వైన్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి అయోర్యీతికోనే ఎక్కువ నచ్చుతుంది. వంకాయ, కైమా పొరలుగా పేర్చి చేసే ముసాకాకి, పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం సువ్లాకీకి అది చాలు. నన్నడిగితే క్సినోమవ్రోకే నా ఓటు, అలవాటయ్యేదాకా కాస్త ఓపిక పట్టాలి, అంతే.

ఒక జత మాత్రం కుదరదు. ఎర్ర వైన్‌తో కవళ్ళు, మాకెరెల్ లాంటి నూనె చేపలు తిని చూడండి, చూశాక ఇంకెప్పుడూ తినరు. వైన్‌లో ఉన్న ఇనుము చేప కొవ్వుతో కలిస్తే నోట్లో లోహపు రుచి, నీచు వాసన పుడతాయి. అసీర్తికోతో అదే చేప హాయిగా దిగిపోతుంది.

ఉమ్మేయడానికి సిగ్గుపడేవాళ్ళ కోసం ఒక మాట. నౌసా వైన్‌ని ప్రపంచానికి చూపించినవాళ్ళలో యానిస్ బుతారిస్ ఒకరు. 1997లో కిర్-యాని సంస్థ పెట్టారు, తర్వాత థెస్సలోనికి మేయర్‌గా రెండుసార్లు గెలిచారు. మద్యం వ్యసనం నుంచి బయటపడ్డ మనిషినని ఆయన బాహాటంగానే చెప్పుకునేవారు. వైన్ తెలియడానికి గొంతు దిగనక్కర్లేదు. మగ్గు ఒకటి పక్కన పెట్టుకోండి, మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత అలవాటవుతుంది. బండి నడపాల్సిన రోజున ఉమ్మేసినా నడపకండి, నోటి చర్మంలోంచి కూడా కొంత లోపలికి పోతుంది.

లేబుల్ మీద ఏముందో

గ్రీకు లిపి చూసి టెన్షన్ పడనక్కర్లేదు, నాలుగు మాటలు గుర్తుపడితే చాలు. లెఫ్కోస్ అంటే తెలుపు, ఎరిత్రోస్ అంటే ఎరుపు. క్సిరోస్ అంటే తీపి లేనిది, గ్లికోస్ అంటే తీపిది. "ఇమి" అని ముందు తగిలిస్తే సగం: ఇమిక్సిరోస్, ఇమిగ్లికోస్. ఈ పాఠానికి రెండు సీసాల మీదా క్సిరోస్ ఉండాలి. పి.డి.ఓ. అనో, గ్రీకులో పి.ఓ.పి. అనో ఉంటే ఊరు పేరుకి చట్టబద్ధమైన హామీ ఉన్నట్టు. పి.జి.ఐ. ఉంటే ప్రాంతం పెద్దది, నియమాలు కొంచెం వదులు. రెండోది తక్కువరకం అనుకోకండి. మలగూజ్యా అనే మంచి వాసనగల తెల్ల ద్రాక్ష చాలావరకు పి.జి.ఐ. సీసాల్లోనే దొరుకుతుంది. అది దాదాపు కనుమరుగైపోతుంటే 1970ల్లో ప్రొఫెసర్ లొగొథేతిస్ వెతికి తెస్తే, యువకుడైన వాంగెలిస్ యెరోవసిలీయు నాటి నిలబెట్టాడు.

సీసా తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన, బూజు వాసన వస్తే అది కార్క్ వల్ల పాడైన వైన్. గాలికి పెడితే బాగుపడదు. కొన్నచోటికే తీసుకెళ్ళి అడగండి, మంచి కొట్టువాళ్ళు మార్చి ఇస్తారు. మిగిలిన వైన్‌ని మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. క్సినోమవ్రో ఒక్కోసారి రెండో రోజే బాగుంటుంది.

ఈ పాఠం అభ్యాసం

రెండు వైన్లూ ఒకే సాయంత్రం తెరవండి. బల్ల మీద ఐదు పళ్ళేలు పెట్టుకోండి: ఫెటా, నిమ్మకాయ పిండిన ఉడికించిన ఆకుకూర, టమాటా సాస్‌లో ఏదైనా ఒకటి, నిప్పుల మీదో పెనం మీదో కాల్చిన మాంసం లేదా పనీర్, ఒక తీపి బిస్కెట్. ప్రతి పళ్ళేన్నీ రెండు వైన్లతోనూ చూడండి. పది జతలవుతాయి. ప్రతిదానికీ మూడే ప్రశ్నలు: తిన్నాక వైన్ పులుపు పెరిగిందా, తగ్గిందా? వగరు పెరిగిందా, తగ్గిందా? వైన్ తాగాక తిండి రుచి పెరిగిందా, పడిపోయిందా? మొదటి రెండూ బాగుండి మూడోది చెడితే ఆ జత చెడ్డదే. మధ్యమధ్యలో ఉప్పులేని రొట్టె, నీళ్ళు. అందరూ రాసుకునేదాకా ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు వినకండి. పక్కవాళ్ళు "టమాటా వాసన" అనగానే అందరికీ టమాటానే వస్తుంది.

తీపి బిస్కెట్‌తో రెండు వైన్లూ ఓడిపోతాయి. ఓడిపోవాలనే పెట్టాం. దానికి జతయ్యే తీపి వైన్లు నాలుగో పాఠంలో: సామోస్ మస్కట్, పత్రాస్ మవ్రోదాఫ్ని, ద్రాక్షని ఎండలో ఆరబెట్టి చేసే శాంటోరిని విన్‌సాంతో. మూడింట్లో సామోస్ మస్కట్ తేలిగ్గా దొరుకుతుంది, సగం సీసా సరిపోతుంది. దాంతోపాటు కొంచెం తేనె, అక్రోట్లు, నీలిమచ్చల చీజ్ ఒక ముక్క తెచ్చి ఉంచుకోండి.